కలినాకు నిద్ర పట్టని చలికాలాలు

మా నాన్న అసేన్‌ను ఒక మాటకు ఒప్పించడం కంటే మా వీధి చివర వాగును కొండెక్కించడం తేలిక. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. డాక్టర్ పావ్లినాకు మాత్రం తెలియదు. ఆమె రాజధాని సోఫియాలో చదువుకుని, ఎలుగుబంట్ల మీద మమకారంతో ఈ కొండల్లోకి వచ్చిన పశువైద్యురాలు. "మీ నాన్నగారితో ఒకసారి నెమ్మదిగా కూర్చుని మాట్లాడితే సరిపోతుంది స్తోయ్కా" అంది నాతో. మాటలు వచ్చినప్పటి నుంచీ నేను ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక ఆపిళ్లు తరుగుతూ కూర్చున్నాను.

మాది ఎలుగుబంటిని ఆడించే ఇల్లు. ముత్తాత ఆడించాడు, తాత ఆడించాడు, నాన్న కలినాను ఆడించాడు. మంచు కరగ్గానే బయలుదేరి సముద్రం ఒడ్డు దాకా సంతలన్నీ తిరిగేవాళ్లు, ఆయనా అదీ. మోకాలి మీద గదుల్కా ఫిడేలు నిలబెట్టి కమాను లాగితే చాలు, కలినా వెనక కాళ్ల మీద లేచి అటూ ఇటూ ఊగేది. దాని ముక్కుకు ఇనుప రింగు, రింగుకు గొలుసు, గొలుసు కొస నాన్న చేతిలో. నడుం పట్టేసిన రైతులు బోర్లా పడుకుని వీపు మీద దాని పాదం పెట్టించుకునేవారు. జడుసుకున్న పసిపిల్లల మెడలో కట్టడానికి తల్లులు దాని బొచ్చు అడిగి పట్టుకెళ్లేవారు. ఆ రైతులే, ఆ తల్లులే, మేం వాళ్ల బావి దగ్గర నీళ్లు తాగబోతే సొంత గ్లాసు తెచ్చుకోమనేవారు. ఎలుగు పాదానికి అంటు లేదు, దాన్ని నడిపించిన మనిషికి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నాన్నకు కలినా అంటే ప్రాణం. ఇది ఆయన కూతురిగా చెబుతున్నాను, ఆయన వకీలుగా కాదు. రొట్టె తుంచితే మొదటి ముక్క దానికే. ఒక ఏడాది మంచు ముదిరితే తన కోటు తీసి దాని మీద కప్పి, తను గోనెపట్టా చుట్టుకుని దగ్గుకుంటూ ఇంటికొచ్చాడు. సంతలో ఎవడో తాగుబోతు దాని పాదం మీద సిగరెట్టు ఆర్పితే వాడి పళ్లు రాలగొట్టి స్టేషన్లో కూర్చున్నాడు. మా అమ్మ జోర్కాకు ఇదంతా మింగుడుపడేది కాదు.

"దానికి ముక్కుకి రింగు, నాకు వేలికి రింగు, అంతే తేడా" అనేది. "కాకపోతే దాన్ని సముద్రం దాకా తిప్పాడు. నన్ను సంతకైనా తీసుకెళ్లాడా?"

"నువ్వు ఆడతానంటే తీసుకెళ్లనూ?" అనేవాడు నాన్న.

అంత ప్రాణమైన జంతువును చలికాలం వచ్చిందంటే మాత్రం నిద్రపోనిచ్చేవాడు కాదు. అది మా ఇంటి పద్ధతి. తాత చిన్నప్పుడు వాళ్ల ఎలుగు ఒక చలికాలం కొట్టంలో ముడుచుకుని పడుకుందట, మళ్లీ లేవలేదట. వట్టి రొట్టె తిని బక్కచిక్కిన జంతువు, ఒంట్లో కొవ్వు లేక చచ్చిపోయిందని ఎవరికి తోచింది? పడుకున్న ఎలుగు లేవదని మా వాళ్లు తేల్చేసుకున్నారు. అందుకని మంచు పడగానే కలినాను పొయ్యి పక్క గోడకు కట్టేవాడు. రోజూ వీధిలో తిప్పేవాడు. పంచదార అద్దిన రొట్టె పెట్టేవాడు. అది ఆవులిస్తే గొలుసు ఒక్క గుంజు గుంజేవాడు. "చలికాలం వస్తే దీనికి బద్ధకం" అని ముద్దుగా విసుక్కునేవాడు.

తరవాత చట్టం వచ్చింది. ఎలుగుల్ని ఆడించకూడదన్నారు. పై కొండమీద పైన్ చెట్ల మధ్య పెద్ద కంచె కట్టి పార్కు పెట్టి, ఊరూరా తిరిగి ఎలుగుల్ని తీసుకుపోయారు. కలినాను తీసుకెళ్లిన రోజు నాన్న దాన్ని తనే బోనులోకి ఎక్కించాడు. మత్తుసూది కూడా అక్కర్లేకపోయింది, ఆయన రమ్మంటే వెళ్లింది. పార్కులో రింగు కోసి తీశారు. అదే పార్కు వంటింట్లో నాకు పని దొరికింది. ఎలుగులకు పళ్లు, దుంపలు, గింజలు తరిగి బాల్చీలు నింపడం నా పని. పని ఇప్పించినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. దానితో పాటు ఏం తగులుకుంటుందో అప్పుడు తెలియలేదు.

తగులుకున్నది నాన్నే. మా ఊరి నుంచి పార్కుకు బస్సు ఉంటుంది. గురువారం గురువారం కోటు గుండీలు పెట్టుకుని, చేతిలో మూట పట్టుకుని దిగేవాడు. మొదటి వేసవిలో గదుల్కా కూడా తెచ్చాడు. చూడడానికి వచ్చిన జనం కంచె పక్క బల్లల మీద కూర్చుని ఉన్నారు. నాన్న కమాను లాగాడు. దుంపలు తవ్వుకుంటున్న కలినా తవ్వడం ఆపేసింది. తలెత్తింది. వెనక కాళ్ల మీద లేచింది. అటూ ఇటూ ఊగింది. జనం చప్పట్లు కొట్టారు. పావుగంట ముందు పార్కు గుమ్మం గోడ మీది ఫొటోల్లో ఇనుప రింగులు చూసి కళ్లు తుడుచుకున్నది ఈ మహానుభావులే. ఒకావిడ ఇంకోసారి వాయించమని కూడా అడిగింది. డాక్టర్ పావ్లినా పరుగెత్తుకొచ్చి నాన్న చేతి మీద చెయ్యి వేసింది. "ఈ ఊగడం మాన్పించడానికి నెలల తరబడి తంటాలు పడుతున్నాం అసేన్ గారూ" అంది. ఆమె కళ్లలో నీళ్లు నిజమైనవే. నాన్న గదుల్కా చంకలో పెట్టుకుని, "అది నా పాట గుర్తుపట్టింది, చూశావా అమ్మాయ్" అన్నాడు నాతో. ఆ పూటకు ఆయనకు అర్థమైంది అంతే.

గదుల్కా మళ్లీ తేనని ఒట్టు వేశాడు. తేలేదు. రొట్టె తేనని మాత్రం ఒట్టు వేయలేదు కదా. కింది కంచె దగ్గర, జనం రాని చోట నిలబడి, పంచదార రొట్టె లోపలికి విసిరేవాడు. చలికాలం వచ్చింది. మిగతా ఎలుగులన్నీ ఒళ్లు చేసి, వాటికోసం తవ్విన గుహల్లోకి గడ్డి ఈడ్చుకెళ్లి పడుకున్నాయి. కలినా ఒక్కతే మంచులో కంచె పక్క నడుస్తూ ఉండేది, ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి. నడిచిన చోట మంచు నల్లబడింది. రెండో చలికాలమూ అంతే. కీళ్లు వాచాయి. వసంతానికి వెనక కాలు ఈడ్చడం మొదలుపెట్టింది.

శరత్కాలం మొదట్లో డాక్టర్ మా ఇంటికే వచ్చింది. అమ్మ జున్ను పొరల బనిత్సా వేడిగా తెచ్చి పెట్టింది. డాక్టర్ ముక్క కొరికి, దాచుకోకుండా చెప్పేసింది. వచ్చే చలికాలం కూడా కలినా నిద్రపోకపోతే ఆ కాళ్లు దాన్ని మొయ్యవు. అందుకని వేరే దేశంలో, నాన్న వాసనా గొంతూ తగలని చోట, ఇంకో పార్కుకు పంపేస్తారు.

"వాసనేంటి, నేనేమన్నా కుళ్లిన చేపనా?" అన్నాడు నాన్న.

"మీరు వస్తారని అది మేలుకుని చూస్తోందండీ. గురువారం పొద్దుటి నుంచీ కింది కంచె వదలదు."

"చూడదా మరి? పెంచినవాణ్ణి."

"దానికి నిద్ర కావాలి అసేన్ గారూ. అడివిలో ఉన్నవన్నీ పడుకుంటాయి."

"అడివివి చస్తే నీకెవరొచ్చి చెబుతారు డాక్టరమ్మా?" నాన్న గొంతు తగ్గించాడు, పిల్లలకు చెబుతున్నట్టు. "నే చూశాను నువ్వు తవ్వించిన గొయ్యి. గడ్డి కూడా పరిచావు. మా వాళ్లలో పోయినోణ్ణి కూడా ఇంత బాగా పడుకోబెట్టం. బతికున్నదాన్ని దాంట్లో పెట్టి పడుకోమంటావు, అది లేవకపోతే నువ్వు ఇంకో దానికి పేరు పెట్టుకుంటావు. నాకు ఉన్నది ఇదొక్కటే."

అప్పుడు అర్థమైంది నాకు. రెండేళ్లుగా ఆయన రొట్టె పెట్టడానికి రావడం లేదు. లేపడానికి వస్తున్నాడు. గురువారం గురువారం వచ్చి దాన్ని చావు నుంచి బయటికి లాగుతున్నానని ఆయన లెక్క. ఇలాంటి మనిషితో ఎవరేం వాదిస్తారు? కోపం వచ్చింది, జాలి వచ్చింది, జాలి వచ్చినందుకు మళ్లీ కోపం వచ్చింది.

అమ్మే తెగ్గొట్టింది. "నీ ముసలి మొండితనానికి అది దేశంగాని దేశం పోతుంది. అప్పుడు ఏ బస్సెక్కుతావు? నోరు మూసుకుని మంచు కరిగేదాకా ఇంట్లో పడుండు. ఇన్నాళ్లకి నాకో చలికాలం మొగుడు దొరుకుతాడు."

నాన్న టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. చివరికి సరేనన్నాడు. పంపేస్తారన్న భయంతో ఒప్పుకున్నాడు గానీ నమ్మి కాదు.

ఆ శరత్కాలం ఇంట్లో ఆయనతో వేగడం అమ్మకే చెల్లింది. గురువారం వస్తే తెల్లవారకముందే లేచి బూట్లు తుడుచుకునేవాడు. తుడిచి మంచం కింద పెట్టేవాడు. బస్సు హారన్ వినిపిస్తే అటకెక్కి ఏదో వెతికేవాడు. నేను పని నుంచి రాగానే గుమ్మంలోనే పట్టుకునేవాడు.

"తిందా?"

"తింది."

"ఏం తింది?"

"అక్రోట్లు, ఆపిళ్లు, చేపలు. నీకంటే నాకంటే బాగా తింది. పక్కకి జరుగు నాన్నా, తలుపు మూయాలి."

"ఆవులిస్తోందా?"

చెప్పబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆవులిస్తోంది. ఒళ్లు చేసింది, మెడ మీద బొచ్చు దట్టమైంది. కింది కంచె దగ్గరకి వెళ్లడం కొద్దికొద్దిగా తగ్గించింది. నవంబర్ సగంలో ఒక పొద్దున నేను బాల్చీ పట్టుకుని వెళ్లేసరికి నోటినిండా గడ్డి కరచుకుని గుహ వైపు నడుస్తోంది. వెనక కాలు ఈడుస్తూనే ఉంది. తిండి తగ్గించింది, మానేసింది. నెలాఖరుకు గుహలోకి పోయింది. డాక్టర్ వంటింట్లోకి వచ్చి నన్ను కావలించుకుంది. ఇద్దరం గుసగుసగా మాట్లాడుకున్నాం, అక్కడికి మా మాటలు ఎలాగూ వినబడవని తెలిసి కూడా.

అప్పుడొచ్చింది ఎలుగు పండగ. మావైపు చలికాలం మొదట్లో ఆంద్రేయ పునీతుడి రోజును ఎలుగు రోజు అంటారు. ప్రతి ఇంట్లో మొక్కజొన్నలు ఉడకబెట్టి, గుప్పెడు గింజలు పొగగొట్టంలోంచి పైకి విసురుతారు. "ఇదిగో ఎలుగమ్మా, ఉడికినవి తిను, మా పచ్చి పైరు తినకు, మా గొడ్లని తినకు" అనుకుంటారు. ఎలుగును కంటితో చూడని వాళ్లు కూడా ఆ రోజు దాని వాటా దానికి పెట్టాల్సిందే. ఆ రోజు అమ్మ పార్కుకు ఫోన్ చేసింది.

"మీ నాన్న అక్కడికొచ్చాడా?"

"లేదే. ఏం?"

"గింజలు సగం లేవే. బూట్లూ లేవు."

బాల్చీ అక్కడే పడేసి కింది కంచెకు పరుగెత్తాను. ఉన్నాడు. కోటు జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి, వాటిలోంచి ఆవిరి వస్తోంది. కంచెకు మొహం ఆనించి, గొంతు బాగా తగ్గించి, "కలినా, కలినా తల్లీ" అంటున్నాడు. అరుపు కూడా కాదు. ఆ గుసగుస చాలు దానికి. చెట్ల వెనక గుహ నోట్లోంచి దాని తల బయటికొచ్చి ఉంది. గడ్డి పరకలు చెవులకు అంటుకుని ఉన్నాయి.

"నాన్నా, నీకేమన్నా బుద్ధుందా" అన్నాను. అరవకూడదు కాబట్టి పళ్లు బిగించి అన్నాను, అందుకే ఇంకా ఎక్కువ మండింది. "మాటిచ్చావు. డాక్టరు ముందు మాటిచ్చావు."

"పండగ లేకపోతే రాకపోదును. పండగ దానిదే అమ్మాయ్. ఊరంతా పొగగొట్టాల్లో గాలికి పారబోస్తున్నారు గింజలు. నా ఎలుగు ఇక్కడుంటే నేను గాలికి విసరనా?"

"అది పడుకుంది. పడుకున్నదాన్ని లేపావు."

"లేచిందిగా" అన్నాడు. మొహమంతా సంతోషం. "నేను పిలిస్తే లేచింది. ఇంకా పోలేదు."

కలినా నాలుగడుగులు వేసి ఆగింది. ఒళ్లు తూలుతోంది. నోరు బార్లా తెరిచి పెద్ద ఆవులింత ఆవులించింది. నాన్న కుడిచెయ్యి టక్కున వెనక్కి గుంజుకుంది. చేతిలో గొలుసు లేదు, ఏమీ లేదు. ఆయన ఆ చేతికేసి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

డాక్టర్ పావ్లినా మా వెనక వచ్చి నిలబడి ఉంది. తిడుతుందని చూశాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె తిట్టలేదు.

"అది ఇప్పుడు గింజలు తింటే కడుపు మళ్లీ పని మొదలెడుతుంది, ఇంక నిద్రపోదు" అంది. "మీరు వెళ్లిపోతే పడుకుంటుంది. దాన్ని లోపలికి పంపడం నా వల్ల కాదు అసేన్ గారూ. మీ వల్లే అవుతుంది."

"లేవకపోతే?"

"లేవకపోతే మీ ఇంటికి నేనే వచ్చి చెబుతాను. కబురు పంపను."

నాన్న జేబులోంచి చెయ్యి తీయలేదు. గింజల్ని పిడికిట్లో నలుపుతున్నట్టు కోటు బట్ట కదులుతోంది. కలినా ఇంకో అడుగు వేసింది. అప్పుడు ఆయన వెనక్కి తిరిగాడు. తిరిగి నడిచాడు. అది కంచె మూల దాకా ఆయన పక్కనే, ఇటు ఆయన, అటు అది, సంతలకు నడిచినట్టే నడిచింది. మూల దగ్గర కంచె తిరిగిపోయింది, ఆయన తిన్నగా పోయాడు. ఒక్కసారి వెనక్కి చూస్తే అయిపోయేది. చూడలేదు. అది కాసేపు నిలబడి గాలి వాసన చూసి, కాలు ఈడ్చుకుంటూ గుహ వైపు వెళ్లింది. బస్సులో మాత్రం దారంతా నన్నూ, డాక్టర్నీ, చట్టం చేసిన పెద్దల్నీ, చివరికి డ్రైవర్నీ తిట్టాడు. డ్రైవర్ పాపం ఏం చేశాడని.

ఆ తరవాత మంచు ఎడతెరిపి లేకుండా కురిసింది. నేను రోజూ ఇంటికొచ్చి "పడుకుంది" అనేదాన్ని. ఆయన నమ్మేవాడు కాదు.

"పోయింది. మీరు దాస్తున్నారు."

"దాస్తే నాకేమొస్తుంది నాన్నా?"

"ఉద్యోగం."

క్రిస్మస్ గడిచింది, కొత్త సంవత్సరం గడిచింది. ఆయన తిండి తగ్గించాడు. పొయ్యి పక్క, ఒకప్పుడు కలినాను కట్టిన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. "ఎలుగు పడుకుంటుందని ఈ మనిషి మేలుకుంటాడా?" అని అమ్మ నన్ను అడిగేది, ఆయనకు వినబడేలా. రాకియా సారా పోసిచ్చినా ముట్టడం లేదని చెప్పేటప్పటికి మాత్రం అమ్మ గొంతులో వేళాకోళం లేదు. వెళ్లి డాక్టర్ దగ్గర కూర్చున్నాను. ఈ మనిషి ఈ చలికాలం దాటేట్టు లేడు, ఏదో ఒకటి చెయ్యండి అన్నాను. ఆమె ఆలోచించి, గాలి గుహ వైపు నుంచి మనవైపు వీచే రోజు చూసి తీసుకురమ్మంది. మాట్లాడకూడదు. దగ్గకూడదు.

తీసుకెళ్లాం. గుహ కప్పు మీద మోకాలి లోతు మంచు. దాంట్లోంచి గాలి కోసం పెట్టిన చెక్క గొట్టం బయటికి వచ్చి ఉంటుంది. నాన్న టోపీ తీసి, మంచులో బోర్లా పడుకుని గొట్టానికి చెవి ఆనించాడు. దగ్గు రాకుండా మఫ్లరు నోట్లో కుక్కుకున్నాడు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన మొహమే చూస్తున్నాను.

లోపలి నుంచి ఒక ఊపిరి వచ్చింది. బరువుగా, నిదానంగా. తరవాత ఏమీ లేదు. ఎంతసేపటికీ లేదు. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు, ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా. కళ్లు పెద్దవయ్యాయి. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను, ఉండు, ఉండు అని. అప్పుడు ఇంకో ఊపిరి వచ్చింది. మళ్లీ అంత నిశ్శబ్దం. మళ్లీ ఊపిరి. దాని చివర చిన్న గురక.

ఆయన పట్టు వదిలింది గానీ లేవలేదు. చాలాసేపు విన్నాడు. గడ్డం మీద మంచు పేరుకుంది. చివరికి మఫ్లరు నోట్లోంచి తీసి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"ఇన్ని చలికాలాలూ దీనికి నిద్ర వస్తూనే ఉందే. నేనే లేపాను."

ఆ మాట ఎప్పటికైనా ఆయన మొహాన కొట్టాలని రెండేళ్లుగా మనసులో నూరుకుంటున్నాను. గురువారం గురువారం కొత్తగా పదును పెట్టుకున్నాను. ఆయన నోటితో వినేసరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కాదులే నాన్నా అనాలనిపించింది, కాని అది అబద్ధం, ఆయనకూ తెలుసు. చెయ్యి పట్టి లేపబోయాను. ఆయన వేలు పెదవి మీద పెట్టుకుని, నన్నే కూర్చోమన్నట్టు సైగ చేసి, మళ్లీ చెవి ఆనించాడు. బస్సు వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లాం.